బ్యాక్‌టెస్ట్ చూసి కొనమనడమే పొరపాటు
ఫారెక్స్ రోబో (విదేశీ కరెన్సీల్లో తనంతట తానే ట్రేడింగ్ చేసే సాఫ్ట్‌వేర్) కొనే ముందు బ్యాక్‌టెస్ట్ రిపోర్టు (పాత ధరల మీద నడిపితే ఎంత లాభం వచ్చేదో చూపే లెక్క) చూసుకుంటే చాలన్న వ్యాసకర్త మాట నాకు మింగుడుపడలేదు. జనం బోల్తా పడేదే ఆ రిపోర్టు చూసి. పాత ధరలు చేతిలో ఉన్నాక వాటికి సరిపోయేలా సెట్టింగులు మార్చడం ఎంతసేపు? ప్రశ్నపత్రం ముందే దొరికినవాడికి నూటికి నూరు రావడంలో వింతేముంది! ద్వారకానగర్‌లో ఒకాయన మా మేనల్లుడికి ల్యాప్‌టాప్‌లో చూపిస్తుంటే పక్కనే ఉన్నాను. లాభం గీత నున్నగా పైకి పోతోంది. కాస్త కిందికి జరిపి లాట్ సైజులు, అంటే ఒక్కో ట్రేడు ఎంత పెద్దదో, చూపించమన్నాను. 0.01, 0.02, 0.04, 0.08... నష్టం వచ్చిన ప్రతిసారీ రెట్టింపు. దీన్నే మార్టింగేల్ అంటారు. వరసగా ఎనిమిది దెబ్బలు తగిలితే తొమ్మిదో ట్రేడు 2.56 లాట్లు. చిన్న ఖాతాలో అంత మార్జిన్ (ట్రేడుకు పూచీగా ఉంచాల్సిన సొమ్ము) ఎక్కణ్ణుంచి తెస్తాం? "అన్నిసార్లు వరసగా పోదు సార్" అన్నాడాయన. 2015 జనవరి 15న స్విస్ కేంద్ర బ్యాంకు యూరో 1.20 ఫ్రాంకుల కన్నా తగ్గకూడదన్న హద్దు ఎత్తేసిన రోజు ధర ఒక్కసారిగా పడిపోయి, స్టాప్‌లాస్ (నష్టం ఇంతకు మించకుండా బయటపడేందుకు ముందే చెప్పుకునే ధర) పెట్టుకున్నవాళ్లకే ఆ ధర దొరకలేదు, రోబో ఏం చేస్తుంది? వ్యాసంలో రాని సంగతి ఇంకొకటుంది. ఇలాంటి రోబోలకు చాలావరకు విదేశీ బ్రోకర్ దగ్గర ఖాతా తెరవమంటారు. ఫెమా (విదేశీ మారకద్రవ్య నిర్వహణ చట్టం) ప్రకారం మనం కరెన్సీ ట్రేడింగ్ చేయాల్సింది ఆర్‌బీఐ అనుమతి ఉన్నవారితోనో, ఎన్‌ఎస్‌ఈ, బీఎస్‌ఈ లాంటి గుర్తింపు పొందిన ఎక్స్ఛేంజీల్లోనో. అనుమతి లేని ప్లాట్‌ఫారాల అలర్ట్ లిస్టు ఆర్‌బీఐ సైట్‌లోనే ఉంది. అందులో పేరు లేనంత మాత్రాన అనుమతి ఉన్నట్టు కాదని కూడా అక్కడే రాశారు.