సవరణ: 5 గ్రాములన్నది ఉప్పుకు, సోడియానికి కాదు

రక్తపోటు ఉన్నవారి ఆహారం గురించి ఇదివరకు రాసినప్పుడు, రోజుకు 5 గ్రాముల సోడియం వరకు తీసుకోవచ్చని పేర్కొన్నాను. అది నా పొరపాటు. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దలకు సూచించే పరిమితి రోజుకు 5 గ్రాముల లోపు ఉప్పు, అంటే 2 గ్రాముల లోపు సోడియం. ఉప్పు బరువులో సోడియం దాదాపు 40 శాతమే కాబట్టి, నా మాట నమ్మి ఎవరైనా లెక్క వేసుకుని ఉంటే 12 గ్రాములకు పైగా ఉప్పు తిన్నట్లవుతుంది.

ఆ 5 గ్రాములు సుమారు ఒక టీస్పూను. కూరలో వేసిందే కాక పచ్చిపులుసులోది, సకినాల పిండిలోది, మామిడికాయ తొక్కులోది అంతా ఆ చెంచా లెక్కలోకే వస్తుంది. వరంగల్‌లో మా ఇంటి జాడీ అడుగున తొక్కు తీసి చూస్తే, నూనె కింద కరగని ఉప్పు రవ్వలు మెరుస్తూ కనిపించాయి. మనం నింద మాత్రం చపాటా మిరప మీద వేస్తాం!

మామూలు ఉప్పుకు బదులు సైంధవ లవణం వాడితే చాలని అప్పుడు రాసిన మాటనూ ఉపసంహరించుకుంటున్నాను. అదీ ప్రధానంగా సోడియం క్లోరైడే. సోడియం తగ్గించి అమ్మే ఉప్పు వేరు. అందులో కొంత భాగం పొటాషియం క్లోరైడ్ ఉంటుంది కనుక, మూత్రపిండాల జబ్బు ఉన్నవారు, రామిప్రిల్, టెల్మిసార్టాన్, స్పైరనోలాక్టోన్ వంటి మందులు వాడేవారు డాక్టరును అడగకుండా దాన్ని మొదలుపెట్టకూడదు. వీరి రక్తంలో పొటాషియం పేరుకుపోవచ్చు, అది పెరిగితే గుండె లయ దెబ్బతినవచ్చు.

ఆకుకూరలు, పండ్లు తినమని రాసినదాంట్లో మార్పు లేదు. అయితే వాటిలోనూ పొటాషియం ఉంటుంది కనుక, మూత్రపిండాల జబ్బు ఉన్నవారికి ఈ హెచ్చరిక అక్కడా వర్తిస్తుంది.