పెడతలకు పెద్దపీట

మనసు చదివే యంత్రం వచ్చిందని తెలియగానే నేను చేసిన మొదటి పని నా ఆలోచనలను సర్దుకోవడం. తీరా విచారిస్తే అంత కంగారు అనవసరం. ఇది చేతులతో పని లేకుండా అక్షరాలు కొట్టిపెట్టే యంత్రం. దాని తెర మీద అక్షరాలు ఒక్కొక్కటి ఒక్కో వేగంతో మిణుకుమిణుకుమంటుంటాయి. కావలసిన దానిని గుడ్లప్పగించి చూడాలి. అది సెకనుకు పదిసార్లు మెరిస్తే, పెడతలలో చూపును చూసుకునే మెదడు భాగం కూడా సెకనుకు పదిసార్లు తాళం వేస్తుంది. తలకు జిగురు పూసి అంటించిన ఎలక్ట్రోడ్లు ఆ తాళాన్ని పట్టుకుని ఇదీ మీ అక్షరమని తేలుస్తాయి. అంటే చదివింది చూపును. మా లెక్కల మాస్టారు నా చూపు కిటికీ బయట ఉందని జిగురు లేకుండానే కనిపెట్టి, సరిగ్గా ఆ పెడతల మీదే మొట్టికాయ వేసేవారు.

కాలూ చేయీ కదలని మనిషికి ఇది వరమే, అక్కడ నాకు వేళాకోళం లేదు. కనుగుడ్డు కూడా తిప్పలేని రోగికి మాత్రం, అంటే అందరికంటే అవసరం ఎక్కువున్న వారికే, ఇది అంతగా అక్కరకు రాదు.

నా ఫిర్యాదు వేరు. 2015లో బీజింగ్‌లోని చింగ్‌హ్వా విశ్వవిద్యాలయం వారు ఇలాంటిదే 40 గళ్ల పలక చేశారు. 8 హెర్ట్జ్ (అంటే సెకనుకు 8 మెరుపులు) నుంచి 15.8 దాకా, గడికీ గడికీ 0.2 తేడా. సెకనుకొక అక్షరం. ఇంగ్లిషు అక్షరాలు 26, అంకెలు 10, మిగిలిన నాలుగింటిలో ఖాళీ, చుక్క వగైరా. మరి మన 56 మాటేమిటి? అదే లెక్కన 19 హెర్ట్జ్ దాకా పోవాలి. గుణింతపు గుర్తులు, పొల్లు కలిపితే 20 దాటుతుంది. కాంతికి మూర్ఛ వచ్చేవారికి 15 నుంచి 25 మధ్య మెరుపులే ఎక్కువ ప్రమాదం. 1997లో జపానులో ఒక కార్టూన్‌లో ఎరుపు, నీలం సెకనుకు 12 సార్లు మెరిసినందుకే వందల మంది పిల్లలు ఆసుపత్రి పాలయ్యారు. గుణింతం నేర్చుకుంటే కళ్లు తిరుగుతాయని చిన్నప్పుడు నేను చెబితే ఎవరూ నమ్మలేదు.

పైగా ‘స్త్రీ’ అని రాయాలంటే స, పొల్లు, త, పొల్లు, ర, దీర్ఘం: ఆరు సెకన్లు గుడ్లప్పగించాలి. ఇంట్లో సంజాయిషీ ఎవరు చెప్పుకుంటారు?

ఇంగ్లిషు అక్షరాలతో తెలుగు కొట్టేస్తే సరి అని మా మేనల్లుడి సలహా. ఫోనులో చేస్తున్నది చాలక పెడతలలో కూడానా! ౡ దీపం ఆర్పేయమని మరొకరు. పండితులు ఊరుకుంటారా?

శాస్త్రవేత్తలకు నా విన్నపం ఒక్కటే. ర, ఱ లను పక్కపక్క గళ్లలో పెట్టకండి. మనకు ఎన్నడూ చెవికెక్కని తేడాను ఆ యంత్రం 0.2 హెర్ట్జ్‌లో పట్టేస్తే మా పరువేం కాను?