లొబనోవ్‌స్కీని కంప్యూటర్ కోచ్ అనేస్తే సరిపోతుందా?

80ల్లో సోవియట్ యూనియన్‌కి చెందిన డైనమో కీవ్ ఫుట్‌బాల్ టీమ్ చలికాలం ట్రైనింగ్‌కి జర్మనీ వెళ్ళి బాక్‌నాంగ్ అనే ఊరి టీమ్‌తో ఒక ఫ్రెండ్లీ ఆడింది. ఆ ఊరి టీమ్‌లో ఆడుతూనే కోచింగ్ కూడా చేస్తున్న కుర్రాడు రాల్ఫ్ రాంగ్నిక్, తర్వాత పేరున్న కోచ్ అయ్యాడు. బాల్ ఎవరి కాలికి తగిలినా ఇద్దరు ముగ్గురు కీవ్ వాళ్ళు వచ్చి మీద పడిపోతున్నారు, ఊపిరి తీసుకోనివ్వట్లేదు, చివరికి బాల్ బయటికి పోయినప్పుడు అవతల ఎంతమంది ఆడుతున్నారో లెక్కపెట్టుకున్నాడట. పదకొండు మందే ఉన్నారు.

ఆ కీవ్ టీమ్ కోచ్ వలేరీ లొబనోవ్‌స్కీ. ఈయన గురించి రాసేవాళ్ళంతా సైంటిస్టు, కంప్యూటర్ కోచ్ అని మొదలెడతారు. అబద్ధం కాదు. చదివింది ఇంజనీరింగే, ఉక్రెయిన్‌లోని ద్నిప్రో టీమ్‌కి కోచ్‌గా ఉన్నప్పుడు అనతోలీ జెలెంత్సోవ్ అనే శాస్త్రవేత్త తోడయ్యాడు, ఇద్దరూ కలిసి మ్యాచ్‌లో ప్రతి పాస్, ప్రతి ట్యాకిల్ లెక్కేసారు. తప్పులు 18 శాతం దాటని టీమ్‌ని ఎవరూ ఓడించలేరని వాళ్ళ సిద్ధాంతం. ఇప్పుడు ఐపీఎల్ డగౌట్‌లో అనలిస్టు లాప్‌టాప్ ముందేసుకుని కూర్చుంటే ఎవరికీ వింతగా లేదు గానీ 70ల్లో సోవియట్ యూనియన్‌లో ఈ పని చేసారంటే మామూలు విషయం కాదు.

కానీ అంకెలు చూసి ఆయన అసలు పని మర్చిపోతున్నాం అనిపిస్తుంది నాకు. 1986 కప్ విన్నర్స్ కప్ (యూరప్ దేశాల్లో కప్పులు గెలిచిన క్లబ్‌ల పోటీ) ఫైనల్లో అట్లెటికో మాడ్రిడ్ మీద కీవ్ ఆటగాడు బ్లోఖిన్ కొట్టిన గోల్ వీడియో దొరుకుతుంది, ఒకసారి చూడండి. ఎడమవైపు నుంచి రాట్స్ బెలనోవ్‌కి ఇచ్చాడు, బెలనోవ్ యెవ్‌తుషెంకోకి ఇచ్చాడు, అతను కుడివైపు చూడనైనా చూడకుండా బాల్ తోసేసాడు, ఎందుకంటే అక్కడికి బ్లోఖిన్ వస్తాడని తెలుసు, వచ్చాడు, కీపర్ మీదుగా లేపేసాడు. ఇది ఏ కంప్యూటరూ ఆడలేదు. ఏళ్ళ తరబడి ఒకే మనుషుల్ని ఒకేచోట పెట్టి రుబ్బితే వచ్చింది.

అలా ఒకేచోట పెట్టగలగడానికి కారణం సోవియట్ వ్యవస్థ. ఆటగాళ్ళు వేరే దేశం వెళ్ళలేరు, ఉక్రెయిన్‌లో ఎక్కడ మంచి కుర్రాడున్నా కీవ్‌కి తెచ్చుకునే పలుకుబడి క్లబ్‌కి ఉంది. 8 సోవియట్ లీగ్ టైటిళ్ళు, 1975లో, 1986లో కప్ విన్నర్స్ కప్, బ్లోఖిన్‌కి, బెలనోవ్‌కి యూరప్ ఉత్తమ ఆటగాడికిచ్చే బాలన్ డోర్ అవార్డు, ఇవన్నీ గొప్పవే, కాదనట్లేదు. కానీ దానికి మూల్యం ఆటగాళ్ళ ఒళ్ళు చెల్లించింది. 1976లో ట్రైనింగ్ భారం తట్టుకోలేక టీమ్ తిరగబడింది కూడా. (తమాషా ఏంటంటే ఈయన ఆడే రోజుల్లో తనకి నచ్చినట్టు ఆడే లెఫ్ట్ వింగర్, కార్నర్ కొడితే బాల్ వంపు తిరిగి నేరుగా గోల్లో పడేది, అదే ఆటగాడు తన కింద ఆడి ఉంటే బెంచీ మీదే ఉండేవాడేమో.)

ఆ పద్ధతి లోపం కూడా పెద్ద మ్యాచ్‌లోనే బయటపడింది. 1988 యూరో (యూరప్ దేశాల కప్) సెమీస్‌లో ఇటలీని 2-0తో ఆడేసుకున్న సోవియట్ టీమ్‌కీ కోచ్ ఈయనే, అందులో సగానికి పైగా కీవ్ వాళ్ళే. ఫైనల్‌కి డిఫెండర్ కుజ్నెత్సోవ్ సస్పెండ్ అయ్యాడు, మిడ్‌ఫీల్డర్ అలెయ్నికోవ్‌ని వెనక్కి లాగాల్సొచ్చింది, నెదర్లాండ్స్ చేతిలో 0-2. నెదర్లాండ్స్ స్ట్రైకర్ వాన్ బాస్టెన్ గాల్లోంచి వచ్చిన బాల్‌ని నేలకి తగలనివ్వకుండా కొట్టిన వాలీ ఎవరు ఆపుతారు అనొచ్చు, నిజమే, కానీ ఒక్క మనిషి తప్పుకుంటే రెండు చోట్ల సర్దాల్సి రావడం అంత ముడిపడిన టీమ్‌కే జరుగుతుంది.

తర్వాత సరిహద్దులు తెరుచుకున్నాయి. కీవ్ ఆటగాడు జవరోవ్ ఇటలీ క్లబ్ యువెంటస్ వెళ్ళాడు, బెలనోవ్ జర్మనీ వెళ్ళాడు, కీవ్‌లో కనపడ్డ ఆట అక్కడ కనపడలేదు. వాళ్ళ చుట్టూ ఆ మిగతా తొమ్మిది పది మంది లేరు కదా. లొబనోవ్‌స్కీ కూడా యూఏఈ, కువైట్ తిరిగి 1997లో మళ్ళీ కీవ్ వచ్చాడు. ఆ ఏడాదే బార్సిలోనాని ఇంట్లో 3-0, వాళ్ళ సొంత గ్రౌండ్‌లో 4-0 కొట్టారు, కుర్ర స్ట్రైకర్ షెవ్‌చెంకో హ్యాట్రిక్. 1999లో రియల్ మాడ్రిడ్‌ని ఇంటికి పంపి యూరప్ క్లబ్‌ల పెద్ద టోర్నీ ఛాంపియన్స్ లీగ్‌లో సెమీస్ దాకా వెళ్ళారు.

2002 మేలో ఉక్రెయిన్‌లోని జపోరిజ్జియాలో మ్యాచ్ జరుగుతుండగా లొబనోవ్‌స్కీ స్ట్రోక్ వచ్చి కొద్ది రోజులకే పోయాడు, 63 ఏళ్ళు. మిలాన్ వెళ్ళిన షెవ్‌చెంకో మాత్రం జవరోవ్‌లా తేలిపోలేదు, 2004లో బాలన్ డోర్ కూడా కొట్టాడు. అతని టాలెంట్ వేరు, ఒప్పుకుంటా, కానీ ఇంకో కారణం కూడా ఉందనుకుంటున్నా: అప్పటికి యూరప్ అంతా మీదపడి బాల్ లాక్కునే ఆటకి, ఎవరు ఎంత పరిగెత్తారో లెక్కపెట్టే ట్రైనింగ్‌కి అలవాటు పడుతోంది, కీవ్ నుంచి వచ్చినవాడికి అందులో కొత్తగా నేర్చుకోవాల్సింది పెద్దగా ఏమీ లేదు.