సున్నంలో మా వాటా ఏదీ?

విజయనగరం జిల్లాకు జరిగిన అన్యాయాల్లో ఇంతవరకూ ఎవరూ ధర్నా చేయనిది ఒకటుంది: సున్నపురాయి. బొర్రా గుహలను కన్న సున్నపురాయి పోయి పోయి పక్క జిల్లా అనంతగిరిలో కూర్చుంది. మనకు దక్కింది ఖొండలైటు అనే రాయి. అందులో పలుగు, గార్నెట్, సిల్లిమనైట్ అనే ఖనిజాలు ఉంటాయి. ఎన్ని వానలు కురిసినా అది ఎర్రమట్టి అవుతుంది తప్ప గుహ కాదు. 1892లో మన జిల్లా కోడూరులో మాంగనీసు తవ్వకం మొదలైంది, ‘కోడూరైట్’ అని ఒక రాయికి ఆ ఊరి పేరే పెట్టారు, నిజమే. మాంగనీసు చూడటానికి టికెట్టు ఎవరు కొంటారు?

గుహకు కావలసిన సరుకు పెద్దగా ఏమీ లేదు. వాననీరు మట్టిలోంచి దిగుతూ బొగ్గుపులుసు వాయువును (కార్బన్ డయాక్సైడ్) కలుపుకుని పులుస్తుంది. ఆ పులుపుకు సున్నపురాయి పగుళ్ల వెంట కరుగుతుంది. గుహ కప్పు నుంచి జారే చుక్క ఆ వాయువును గాలికి వదిలేసి, మోసుకొచ్చిన సున్నాన్ని అక్కడే వేలాడదీస్తుంది. ఏడాదికి మిల్లీమీటరులో పదోవంతు చొప్పున లెక్కేస్తే మూడు మీటర్ల ఊడ దిగడానికి ముప్పై వేల ఏళ్లు. మన వంతెనల కాంట్రాక్టర్లకు ఈ గడువు నచ్చుతుంది.

ఈలోగా ‘మా మెట్టలో సున్నపురాయి పడింది’ అంటూ తెల్లరాయి పట్టుకొచ్చే ఔత్సాహికులకు ఒక మనవి. ముందు చాకు మొనతో గీయండి. తెల్లపొడి రాలితే ఆశ ఉంది. రాయికి గీత పడకుండా చాకు ఇనుమే నల్లగా అంటుకుంటే అది పలుగురాయి, చాకు నష్టం మీది. తర్వాత 10 శాతం హైడ్రోక్లోరిక్ ఆమ్లం ఒక్క చుక్క వేయండి. బుసబుసా పొంగితే సున్నపురాయి. పొంగకపోతే పొడిచేసి మళ్లీ వేయండి, అప్పుడు నిదానంగా బుడగలొస్తే సున్నపురాయికి దగ్గరి చుట్టమైన డోలమైట్ కావచ్చు. అయితే చాలామంది బోల్తాపడేది మరోచోట. ఏ రాయి మీదైనా సున్నపు పైపూత పేరుకుంటే అదీ పొంగుతుంది. అందుకే సుత్తితో పగలగొట్టి, లోపలి తాజా ముఖం మీదే చుక్క వేయాలి. పైపూత ముఖాలను నమ్మకూడదు (రాళ్ల సంగతే చెబుతున్నాం, ఎన్నికలకు అన్వయించుకోవద్దు).

కొండ రాకపోయినా దాని నీరు మాత్రం వస్తోంది. బొర్రా వైపు నుంచి దిగిన గోస్తనీ మన గంట్యాడ మండలంలో తాటిపూడి జలాశయంలో ఆగుతుంది. కరిగిన కొండ కాస్తో కూస్తో ఆ నీళ్లలోనే ఉంటుంది. అక్కడి నుంచి విశాఖ కొళాయిలకు పైపులు వేశారు! నీరు మరిగితే ఆ బొగ్గుపులుసు వాయువే ఎగిరిపోయి, ఆ సున్నమే గిన్నె అడుగున పేరుకుంటుంది. అంటే మన గుహ అక్కడి వంటిళ్లలో పుడుతోందన్నమాట. కాబట్టి మా డిమాండు చిన్నదే: విశాఖలో నీళ్లు కాచే గిన్నెల అడుగున తెల్లపొర ఏదైనా కడితే గీకి, తూకం వేసి, నెలనెలా గంట్యాడకు పంపాలి.