తేడా వస్తే ముందు మనిషినే అనుమానించాలా?

బీకాం, ఎంబీఏ పుస్తకాల్లో సమాచార వ్యవస్థల పాఠం తెరిస్తే ఒక పిరమిడ్ బొమ్మ కనిపిస్తుంది. అడుగున రోజువారీ లావాదేవీలను నమోదు చేసే వ్యవస్థ. దానిపైన మేనేజర్లకు నివేదికలిచ్చే వ్యవస్థ. ఆపైన నిర్ణయాలకు తోడ్పడే వ్యవస్థ. కొసన పెద్ద అధికారుల కోసం ఇంకొకటి. పిల్లలు ఈ పేర్లు, లక్షణాలు బట్టీపట్టి మార్కులు తెచ్చుకుంటారు. ఆ బొమ్మ అడుగున కీబోర్డు ముందు కూర్చునే మనిషి గురించి మాత్రం ఒక్క వాక్యం ఉండదు. నా కోపమంతా దాని మీదే.

అడుగు పొర విలువ తెలియాలంటే మన రైలు టికెట్టును చూడండి. రిజర్వేషన్ల కంప్యూటరీకరణ 1985లో ఢిల్లీలో మొదలైంది. దేశమంతా ఒకే జాలంగా కలపడానికి తయారైన కాన్సర్ట్ సాఫ్ట్‌వేర్‌ను మొదట అమలు చేసింది మన సికింద్రాబాద్‌లోనే, 1994లో. 1999 నాటికి ఢిల్లీ, ముంబయి, కోల్‌కతా, చెన్నై, సికింద్రాబాద్ కేంద్రాలు ఒకదానితో ఒకటి కలిశాయి. కౌంటర్‌లోని క్లర్కు ఒక బెర్తు ఇవ్వడం లావాదేవీ. అలాంటివి లక్షలు పోగై, ఏ రైలుకు ఎంత వెయిటింగ్ లిస్టు ఉందో అధికారికి నివేదికగా అందుతాయి. సంక్రాంతికి ప్రత్యేక రైళ్లు ఎటు వేయాలన్న ఆలోచనకు ఆ నివేదికే ఆధారం. పై పొరలకు సొంత కళ్లు లేవు. కింద నమోదైందే వాటికి లోకం.

కింద నమోదైంది తప్పయితే ఏమవుతుంది? బ్రిటన్ పోస్టాఫీసు ఉదంతం నిద్రపట్టనివ్వని జవాబు చెబుతుంది. అక్కడ ఊరి తపాలా శాఖలను చాలావరకు సబ్‌పోస్ట్‌మాస్టర్లు ఒప్పందం మీద, తరచూ తమ దుకాణంలోనే నడుపుతారు. 1999 నుంచి ఆ శాఖల్లోకి హొరైజన్ అనే లెక్కల వ్యవస్థ వచ్చింది. దాన్ని తయారుచేసి నడిపింది ఫుజిట్సు అనే జపాన్ కంప్యూటర్ కంపెనీ. ఆ తరువాత సాయంత్రం లెక్క కట్టేసరికి లేని లోటు కనిపించడం మొదలైంది. ఇళ్లు తాకట్టుపెట్టి, బంధువుల దగ్గర అప్పు తెచ్చి ఆ లోటు పూడ్చినవాళ్లున్నారు. సహాయ కేంద్రానికి ఫోన్ చేస్తే, ఇలాంటి ఇబ్బంది మీ ఒక్కరికే వచ్చిందని చాలామందికి చెప్పారు. 2015 వరకు తొమ్మిది వందల మందికి పైగా దోషులుగా తేలారు. భారతీయ మూలాలున్న సీమా మిశ్రాను 2010లో గర్భవతిగా ఉండగానే జైలుకు పంపారు. ఆమె చేసిన నేరం ఏమీ లేదు.

డాల్మెల్లింగ్టన్ అనే స్కాట్లాండ్ ఊరి పేరుతో పిలిచే ఒక లోపం గురించి చదివినప్పుడు నాకు వణుకు పుట్టింది. అక్కడి ఉద్యోగిని ఎనిమిది వేల పౌండ్ల నగదును మరో శాఖ లెక్కలోకి చేరుస్తుండగా తెర కదలలేదు. ఎంటర్ మళ్లీ మళ్లీ నొక్కింది. నొక్కిన ప్రతిసారీ ఆ మొత్తం కొత్తగా నమోదై ముప్పై రెండు వేలయింది. అంటే చేతిలో ఎన్నడూ లేని ఇరవై నాలుగు వేల పౌండ్లు లెక్కలో లోటుగా నిలిచాయి. తెర ఆగిపోతే బటన్ మళ్లీ నొక్కని మనిషి ఈ లోకంలో ఉన్నాడా?

లోపాలు ఏ సాఫ్ట్‌వేర్‌లోనైనా ఉంటాయి. ఘోరం అది కాదు. సబ్‌పోస్ట్‌మాస్టరుకు కనిపించేది తేలిన మొత్తం మాత్రమే. ఆ మొత్తం వెనకున్న అసలు నమోదులు, చిట్టాలు ఫుజిట్సు దగ్గర ఉన్నాయి. పైనున్న అధికారికి ఏ శాఖలో ఎంత లోటు అన్న నివేదిక అందింది కానీ, ఇన్ని శాఖల్లో ఒకేసారి ఎందుకు లోటు వస్తోందన్న ప్రశ్న అందలేదు. లోటుకు జవాబుదారీ ఎవరో, దాన్ని పరిశీలించలేనివారూ వాళ్లే. పైగా కంప్యూటరు సరిగానే పనిచేసి ఉంటుందని ముందే భావించే సూత్రం ఇంగ్లండ్ కోర్టుల్లో ఉంది. మాజీ సబ్‌పోస్ట్‌మాస్టర్ అలన్ బేట్స్ ముందుండి 555 మందితో దావా నడిపితే, హొరైజన్ నమ్మదగినది కాదని 2019లో తీర్పు వచ్చింది. శిక్షల మూకుమ్మడి రద్దుకు 2024లో పార్లమెంటు చట్టం చేయాల్సి వచ్చింది. అప్పటికే కొందరు చనిపోయారు.

అది బ్రిటన్ కథే కదా అని ఊరుకోకండి. సూపర్ మార్కెట్ కౌంటర్లలో, పెట్రోలు బంకుల్లో, మందుల పంపిణీ గోడౌన్లలో సాయంత్రం తేడా వస్తే ఏమి చేస్తున్నారో వెళ్లి అడగండి. జీతంలో కోస్తారు. నేను లెక్కలు చూసిన ఒక సంస్థలో నెట్ పోయినప్పుడు కొట్టిన బిల్లులు, నెట్ తిరిగి వచ్చాక అప్పుడప్పుడు రెండుసార్లు ఎక్కేవి. సరుకు అరల్లోనే ఉండేది, కంప్యూటర్‌లో మాత్రం అమ్ముడైపోయేది. నగదు తక్కువని క్యాషియర్ల జీతాలు కోశారు. ఆ అమ్మాయిలు నెలల తరబడి చెబుతూనే ఉన్నారు, ఎవరూ చిట్టా తీసి చూడలేదు. తరువాత వచ్చిన యాజమాన్య నివేదికలో ఆ కోత మొత్తం ‘వసూళ్లు’ అన్న గడిలో, ఆకుపచ్చ రంగులో మెరిసింది. ఆ గడి చూసి మెచ్చుకున్న పెద్దమనిషికి కింద ఏమి జరిగిందో తెలియదు. తెలుసుకునే ఏర్పాటూ ఆ వ్యవస్థలో లేదు.

మన భారతీయ సాక్ష్య అధినియమం కంప్యూటర్ రికార్డును సాక్ష్యంగా పెట్టాలంటే ధ్రువపత్రం అడుగుతుంది. మంచిదే. కానీ క్యాషియరు జీతం కోత కోర్టు దాకా వెళ్లదు, నెలాఖరున జీతం చీటీలోనే తేలిపోతుంది.

కాబట్టి సాఫ్ట్‌వేర్ కొనే ప్రతి యజమానినీ, అమ్మే ప్రతి కంపెనీనీ నేను అడిగేది ఇది. తేడా వచ్చిన రోజున ఆ రోజు నమోదులన్నీ సమయంతో సహా, ఎవరు ఏమి మార్చారో తెలిసేలా, కౌంటర్‌లోని మనిషి చేతికి ఇవ్వండి. బయటినుంచి ఎవరైనా రికార్డు సవరిస్తే అది ఆ మనిషికి కనిపించాలి. అదే ఫిర్యాదు ఇంకెన్ని శాఖల నుంచి వచ్చిందో అందరికీ తెలియాలి. ఇవన్నీ చూసేదాకా ఎవరి జీతంలోనూ రూపాయి ముట్టుకోవద్దు. కొనుగోలు ఒప్పందం మీద సంతకం పెట్టేముందే ఈ నాలుగూ అందులో రాయించండి.