పఫిన్ల వేట: వడ్డీ ఆగాక అసలుకే ఎసరు

ఐస్‌లాండ్‌లో పఫిన్ అనే సముద్రపక్షిని పట్టే పద్ధతి చూడ్డానికి చాలా సింపుల్. సముద్రం పక్కన కొండ అంచున గడ్డిలో నక్కి కూర్చుంటారు, చేతిలో పొడవాటి కర్ర, కర్ర చివర వల, గాలిలో తేలుతూ పక్షి అంచు దాకా వచ్చేసరికి ఒక్క ఊపు, అంతే. ఇందులో ఒక పాత కట్టుబాటు ఉంది. ముక్కున చేపలు కరుచుకొచ్చే పక్షి జోలికి పోరు, ఎందుకంటే దానికి బొరియలో పిల్ల ఉన్నట్టే లెక్క. చేపల్లేకుండా ఊరికే చక్కర్లు కొట్టేవి చాలావరకు రెండు మూడేళ్ల కుర్రపక్షులు, ఇంకా జత కట్టనివి, వాటిలో కొన్ని పోయినా కాలనీకి, అంటే ఒకేచోట గూళ్లు పెట్టే ఆ పక్షుల గుంపుకి, పెద్ద నష్టం లేదని నమ్మకం.

ఒకప్పుడు ఆ నమ్మకం తప్పేం కాదు. పఫిన్ జీవితమే ఫిక్స్‌డ్ డిపాజిట్ లాంటిది, ఏడాదికి ఒక్కటే గుడ్డు, అదీ ఇంచుమించు ఐదేళ్లు వచ్చాక, కానీ 20 ఏళ్లకి పైనే బతుకుతుంది కాబట్టి నెమ్మదిగా లెక్క సరిపోతుంది. వేటగాళ్లు తిన్నది వడ్డీ. ఇప్పుడు ఆ వడ్డీ రావడం లేదు, వల మాత్రం అదే.

ఎందుకు రావట్లేదంటే సముద్రం మారింది. పఫిన్ పిల్లకి అసలైన తిండి సాండీల్ అనే సన్నటి, కొవ్వున్న చేప, ఆ చేప బతికేది నువ్వుగింజంత ఉండే కాలానస్ అనే చల్లనీటి జీవుల మీద. నీళ్లు వేడెక్కేకొద్దీ అవి ఉత్తరానికి జరిగిపోతున్నాయి, వాటి వెనకాల మొత్తం గొలుసు తెగిపోతోంది. ఐస్‌లాండ్ దక్షిణాన పఫిన్లు భారీగా ఉండే వెస్ట్‌మన్ దీవుల్లో 2000 దశకం మధ్య నుంచి సాండీల్ కుప్పకూలింది, కొన్నేళ్లైతే బొరియల్లో పిల్లలు ఆకలికే చచ్చిపోయాయి. (దక్షిణ ఐస్‌లాండ్ వేడిలో కొంత భాగం సముద్రం తనంతట తానే వేడెక్కి చల్లబడే సహజ చక్రానిదే అనే మాట కూడా ఉంది, అది కొట్టిపారేసేది కాదు, కానీ పక్షికి మాత్రం వేడి ఎవరిదైనా ఒకటే.) 2015లో ప్రకృతి సంరక్షణ చూసే అంతర్జాతీయ సంస్థ ఐయూసీఎన్ పఫిన్‌ని ముప్పులో ఉన్న (వల్నరబుల్) జాతుల్లో చేర్చింది, ఆపదలో ఉన్న జాతులకి ఐస్‌లాండ్ వేసుకున్న సొంత రెడ్ లిస్ట్ 2018లో ఇంకా ముందుకెళ్లి అత్యంత ప్రమాదంలో ఉందని రాసింది. అలా రాసిన దేశంలోనే వేట ఇంకా చట్టబద్ధం!

ఇక్కడే నాకు అసలు మెలిక కనిపిస్తుంది. పిల్ల చచ్చిపోయాక తల్లి ముక్కున చేప ఉండదు కదా. అంత స్పీడ్‌లో ఎగిరొచ్చేది కుర్రపక్షో, 15 ఏళ్ల తల్లో, ఈ ఏడు పిల్లని పోగొట్టుకుని ఖాళీగా తిరుగుతోందో ఆ ఒక్క క్షణంలో ఎవరు చెప్పగలరు? పైగా నాలుగైదేళ్లు వరసగా పిల్లలు పెరక్కపోతే కుర్రపక్షులే తక్కువైపోతాయి, వలలో పడేవాటిలో పెద్దవాటి వాటా దానంతటదే పెరుగుతుంది. అంటే మంచి ఏళ్లలో పక్షిని కాపాడిన కట్టుబాటు సరిగ్గా చెడ్డ ఏళ్లలోనే పనికిరాకుండా పోతుంది.

అసలు నష్టం వాతావరణం వల్ల, మేం పట్టేవెన్ని అని వేటగాళ్లు అంటారు. నిజమే, దెబ్బ సైజులో పోలికే లేదు. అలాస్కాలో 2014-16లో సముద్రపు నీళ్లు విపరీతంగా వేడెక్కినప్పుడు కామన్ మర్ అనే సముద్రపక్షులు దాదాపు 40 లక్షలు పోయాయి, అక్కడున్న వాటిలో సగం, ఎవరూ తుపాకీ పేల్చకుండానే. అయితే అంత దెబ్బ తగిలాక మిగిలిన ప్రతి పెద్దపక్షి విలువ పెరుగుతుందా తగ్గుతుందా? సముద్రాన్ని ఈ పదేళ్లలో ఎవరూ చల్లార్చలేరు, వలని మాత్రం రేపే పక్కన పెట్టొచ్చు.

ఇదే నీళ్లలో ఈ కథ ఒకసారి జరిగిపోయింది కూడా. ఎగరలేని గ్రేట్ ఆక్ అనే సముద్రపక్షిని మాంసానికి, ఈకలకి, నూనెకి శతాబ్దాల పాటు చంపి చంపి చివరికి కొన్ని బండలకి పరిమితం చేశారు, వాటిలో ఐస్‌లాండ్ దగ్గరున్న ఒక బండ 1830లో అగ్నిపర్వతం పేలి మునిగిపోయింది. మిగిలినవి పక్కనున్న ఎల్డే దీవికి చేరాయి, 1844 జూన్‌లో అక్కడే, తెలిసినంతలో ఆఖరి జంటని గొంతు నులిమి చంపారు. వేల బండల మీద ఉండి ఉంటే ఒక బండ మునిగినా ఏమయ్యేది కాదు.

వెస్ట్‌మన్ దీవుల్లో ఇప్పుడు వేటకి ఏడాదికి కొద్ది రోజులే పర్మిషన్ ఇస్తున్నారు, అది నిజంగా మెరుగే. అదే ఊళ్లో ఆగస్టు చివర్లో ఇంకో దృశ్యం ఉంటుంది, బొరియ వదిలి తొలిసారి ఎగిరిన పిల్లలు వీధిలైట్లని చూసి దారితప్పి రోడ్ల మీద పడితే ఊరి పిల్లలు అర్ధరాత్రి దాకా టార్చిలైట్లతో వెతికి, అట్టపెట్టెల్లో పెట్టి, మర్నాడు తూకం వేయించి సముద్రం మీదికి విసిరి వదులుతారు. అలా వదిలిన పక్షి గుడ్డు పెట్టడానికి ఇంకో ఐదేళ్లు పడుతుంది. ఈలోపు రెండో ఏడో మూడో ఏడో వచ్చి అదే కొండ అంచున చక్కర్లు కొడుతుంది, ముక్కున చేప లేకుండా.