వలస కూలీకి సొంత వకీలు కావాలి, ఆ ఖర్చు మనమే పెట్టాలి

ఏటా దసరా దాటాక పెద్దపల్లి, కరీంనగర్ జిల్లాల ఇటుక బట్టీల్లో ఒడిశా కూలీలు దిగుతారు. బలంగీర్, నువాపడా జిల్లాల్లో ఇంటి దగ్గరే అడ్వాన్సు ముట్టజెప్పి సర్దార్, అంటే కూలీలను కుదిర్చే దళారి, వారిని తీసుకొస్తాడు. భార్యాభర్తలు, సాయానికి ఒక పిల్లవాడు కలిస్తే ఒక జట్టు. కూలి వెయ్యి ఇటుకలకు ఇంతని. వారానికోసారి తిండి ఖర్చులకు కొంత ఇస్తారు, మిగతాది సీజన్ చివర చూసుకుందామంటారు. లెక్కంతా సర్దార్ చేతిలోని నోటు పుస్తకంలో ఉంటుంది. అందులో కూలీకి చెందింది వేలిముద్ర ఒక్కటే. తీరా లెక్క కట్టే రోజున చాలాసార్లు బాకీ కూలీదే అని తేలుతుంది.

ఇదంతా పాఠకులకు తెలిసిందే. అంతగా ప్రచారంలోకి రానిది చట్టం సంగతి. వెట్టిచాకిరి నిర్మూలన చట్టం 1976లోనే వచ్చింది. తనమీద ఉన్నది వెట్టి బాకీ అని కూలీ చెబితే, కాదని నిరూపించుకోవాల్సిన బాధ్యతను దాని 15వ సెక్షన్ అప్పిచ్చినవాడి మీదే పెట్టింది. కనీస వేతనం కన్నా తక్కువకు చేయించుకునే పని రాజ్యాంగం 23వ అధికరణ నిషేధించిన బలవంతపు చాకిరీయేనని 1982లో ఆసియాడ్ (ఢిల్లీ ఆసియా క్రీడల) నిర్మాణ కార్మికుల కేసులో సుప్రీంకోర్టు తేల్చిచెప్పింది. ఇంత పదునున్న చట్టం గురించి బట్టీ దగ్గర నిలబడి ఒడియాలో చెప్పే మనిషే లేడు.

గొడవ పెద్దదై వార్తల్లోకి వస్తే అధికారులు కదులుతారు. కూలీలను బట్టీ నుంచి విడిపించి, రాత్రికి రాత్రి రైలెక్కిస్తారు. మరునాడు పత్రికల్లో ఫొటోలు వస్తాయి. వెట్టి నుంచి విడుదలైనట్టు అధికారి ఇచ్చే విముక్తి పత్రం రాసిచ్చే ఓపిక మాత్రం చాలామందికి ఉండదు. కేంద్ర పథకం కింద పునరావాసంగా లక్ష నుంచి 3 లక్షల రూపాయల దాకా దక్కాలంటే ఆ పత్రం ఉండాలి, ఆపై యజమాని మీద కేసు తేలాలి. బలంగీర్ చేరిన కూలీ సాక్ష్యం చెప్పడానికి తిరిగి రాలేడు. ఆ రైలు కదిలినప్పుడే కేసు కూడా చచ్చిపోతుంది. పైగా 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన కార్మిక స్మృతి, అంతర్రాష్ట్ర వలస కార్మికుల రక్షణలను అలాంటి కార్మికులు పదిమంది, ఆపైన ఉన్న సంస్థలకే పరిమితం చేసింది. పాత 1979 చట్టంలో ఐదుగురు ఉంటే చాలు.

జిల్లా న్యాయసేవాధికార సంస్థలు ఉన్నాయి కదా, విరాళాలతో వలస కూలీకి వేరే వకీలు ఎందుకని కొందరు అడుగుతారు. నిజమే, 1987 చట్టం 12వ సెక్షన్ వెట్టి బాధితులకు, ఎస్సీ, ఎస్టీలకు, మహిళలకు ఉచిత న్యాయ సహాయాన్ని హక్కుగా ఇచ్చింది. ఆ సంస్థల్లో మనసుపెట్టి పనిచేసేవారూ ఉన్నారు. అయితే విముక్తి పత్రం నిరాకరించిన అధికారి మీదే రిట్ వేయాల్సి వచ్చినప్పుడు, ప్రభుత్వ నిధులతో నడిచే జాబితాలోని వకీలు ఎంతదూరం వెళ్లగలడు?

ములుగు అడవుల్లో ఈ ప్రశ్న మరీ సూటిగా ఎదురవుతుంది. 2005లో మొదలైన సల్వాజుడుం (మావోయిస్టులకు వ్యతిరేకంగా ప్రభుత్వ అండతో నడిచిన సాయుధ దళం) దాడులకు ఊళ్లు ఖాళీ చేసి ఛత్తీస్‌గఢ్ నుంచి గోదావరి దాటి వచ్చిన గుత్తికోయ ఆదివాసులు సొంత దేశంలోనే శరణార్థులయ్యారు. అటవీ హక్కుల చట్టం 2005 డిసెంబరు 13 నాటికి సాగులో ఉన్న భూమికే పట్టా ఇస్తుంది. తుపాకులకు భయపడి ఆ తర్వాత వచ్చినవారికి ఆ తలుపు మూసుకుపోయింది. 2017 సెప్టెంబరులో తాడ్వాయి మండలం జలగలంచలో అటవీ సిబ్బంది వారి గుడిసెలు కూల్చేశారు. ఎవరో హైకోర్టు మెట్లెక్కబట్టే వారిని ఖాళీ చేయించవద్దన్న ఆదేశం వచ్చింది. గుడిసె కూల్చింది ప్రభుత్వ శాఖ అయినప్పుడు, కూలిన గుడిసె తరఫున మాట్లాడే వకీలుకు జీతం వేరే చోటు నుంచే రావాలి.

ఆ చోటు మన జేబే. పరాయి రాష్ట్రం వారికి మన డబ్బెందుకు అనేవారు జగిత్యాల, సిరిసిల్ల, నిర్మల్ పల్లెల్లో ఒకసారి తిరిగి రావాలి. ఒక నేపాలీ కాపలాదారు హత్య కేసులో శిక్ష పడిన సిరిసిల్ల ప్రాంత కూలీలు 18 ఏళ్లు దుబాయ్ జైల్లో మగ్గి 2024 ఫిబ్రవరిలో ఇల్లు చేరారు. అరబ్బీలో నడిచే కోర్టులో మనవాడి మాట వినిపించేవాడు లేకపోతే ఏమవుతుందో ఆ కుటుంబాలకు తెలుసు. కఫీల్ (వీసా ఇచ్చిన యజమాని) జీతం ఎగ్గొడితే పారిపోయి ఖల్లివెల్లి, అంటే పత్రాల్లేని కూలీ, అయినవాడికీ తెలుసు. గల్ఫ్‌లో చనిపోయినవారి కుటుంబాలకు రాష్ట్ర ప్రభుత్వం 5 లక్షలు ప్రకటించింది, మంచిదే. ప్రాణాలతో ఉన్నప్పుడు వారికి కావలసింది వకీలు.

అమెరికాలోని హనుమకొండ పిల్లలకు ఈ మాట ఇంకా బాగా అర్థమవుతుంది. హెచ్-1బీ వీసాకు లక్ష డాలర్ల రుసుమని 2025 సెప్టెంబరు 19న ప్రకటన రాగానే తెలుగు ఇళ్లల్లో అందరూ మొదట వెతికింది ఇమిగ్రేషన్ లాయర్ నంబరే. భారత పాస్‌పోర్టు ఉన్నవారు సొంత సంపాదన నుంచి బ్యాంకు ద్వారా పంపే విరాళం విదేశీ నిధుల చట్టం కిందకు రాదు. కాబట్టి వారు ఇవ్వడానికి అడ్డంకి లేదు, గల్ఫ్ నుంచి పంపేవారికీ లేదు.

వరంగల్‌కు ఇది కొత్త విద్య కాదు. పిల్లల డాక్టరు రామనాథం పౌరహక్కుల కోసం నిలబడి 1985లో తన క్లినిక్‌లోనే ప్రాణమిచ్చారు. అదే బాటలో న్యాయవాది నర్రా ప్రభాకర్ రెడ్డి 1991లో బలయ్యారు. కాకతీయ విశ్వవిద్యాలయంలో గణితం చెప్పిన బాలగోపాల్ తర్వాత నల్లకోటు వేసుకుని, ఫీజు ఇవ్వలేనివారి కేసులు 2009లో కన్నుమూసేదాకా వాదించారు. వారి పేరున ఏటా సభలు పెట్టుకుంటున్నాం, పుస్తకాలు వేసుకుంటున్నాం. వారి పనికి మాత్రం ఒక ఆఫీసు, ఒక జీతం, ఒక బల్ల ఏర్పాటు చేయలేకపోయాం. వ్యక్తుల త్యాగం మీద నడిచిన ఉద్యమం వ్యక్తులు పోగానే ఆగిపోవడానికి కారణం నా దృష్టిలో ఇదే. త్యాగం అడగడం మానేసి, జీతం ఇవ్వడం మొదలుపెట్టాలి.

మొదట ఇద్దరు పూర్తికాలపు వకీళ్లు, ఒడియా, బెంగాలీ, కోయ మాట్లాడగల దుబాసీలు, హైకోర్టుకు పోయిరావడానికి దారిఖర్చులు ఉంటే పని మొదలవుతుంది. ఓరుగల్లు బార్‌లోని సీనియర్లు వారానికి ఒక పూట ఇస్తే యువ వకీళ్లకు దారి దొరుకుతుంది. దాతల్లో ఎవరూ ఏ కేసు తీసుకోవాలో చెప్పకూడదు. పార్టీ పదవి ఉన్నవారు ఈ నిధిని నడిపే కమిటీలో ఉండకూడదు. జమాఖర్చులు ఏటా బయటపెట్టాలి. బట్టీ యజమానుల నుంచి, గల్ఫ్ ఏజెంట్ల నుంచి ఒక్క రూపాయి కూడా తీసుకోకూడదు.